మాటలు నేర్చిన దొరసాని

మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తావుల్లో భాద్రపద బహుళ పక్షం వచ్చిందంటే పెండ్లి కాని ఆడపిల్లలు బొడ్డెమ్మ ఆడుతారు. పీట మీద పుట్టమన్నుతో అంతరువులుగా గద్దె పేర్చి, పూలు గుచ్చి, చుట్టూ తిరుగుతూ పాడుతారు. ఏ పాటకు ఏ అడుగు, చప్పట్లు ఎక్కడ కొట్టాలె, చివరి రోజు ఏ బావిలో నిమజ్జనం చెయ్యాలె అన్నది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. పెద్ద పిల్ల పాడుతుంది, చిన్న పిల్ల అందుకుంటుంది. రెండేండ్లు పోయిన తరువాత ఆ చిన్నదే పెద్దదై ఇంకో చిన్నదానికి నేర్పుతుంది.

అదే పిల్ల ఆరో తరగతికి వచ్చి బడిలో గైడ్స్‌లో చేరిందనుకోండి. మళ్ళీ మొదటి నుంచి ఒక కొత్త భాష నేర్చుకోవాలి. కంపెనీ అంటే ఇక్కడ వ్యాపారం కాదు, ఒక బడిలోని గైడ్ల బృందమంతా కలిపి కంపెనీ. పెట్రోల్ అంటే బంకులో పోసేది కాదు, ఆ కంపెనీలో ఆరేడుగురు పిల్లల చిన్న జట్టు. దానికొక పువ్వు పేరు, ఒక నాయకురాలు. ఆ నాయకురాండ్రంతా కూర్చుని మంచిచెడ్డలు తేల్చుకునే సభ కోర్ట్ ఆఫ్ ఆనర్. మెట్టు మెట్టుగా ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆపైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు. మూడు వేళ్ళు నిలిపి సెల్యూట్. కరచాలనం మాత్రం ఎడమ చేత్తో! ఎడమ చేయి చాపితే మన ఇండ్లలో అవ్వలు ఏమంటారో చెప్పనక్కరలేదు. వీరులు మిత్రుని చూసినప్పుడు ఎడమ చేతిలోని డాలు కింద పెట్టి, ఆ చేయినే చాపేవారని, నమ్మకానికి అది గుర్తని ఒక ఆఫ్రికా కథ చెప్పి గైడ్ కెప్టెన్ పిల్లలను ఒప్పిస్తుంది.

ఈ మాటలనూ మర్యాదలనూ లోకమంతటా తిరిగి పంచిపెట్టిన స్త్రీ లేడీ ఓలేవ్ బేడెన్ పవెల్. ప్రతి ఏటా ఫిబ్రవరి 22 న థింకింగ్ డే జరిపే గైడ్లకు ఆమె పేరు తెలుసు, ఫోటో తెలుసు. వీటిలో ఒక్క మాట కూడా ఆమె చిన్ననాడు నేర్చుకున్నది కాదన్న సంగతి తెలిసినవారు తక్కువ. ఆమె ఏ గైడ్ జట్టులోనూ పెరగలేదు. అసలు బడికే పోలేదు.

ఓలేవ్ సెయింట్ క్లేర్ సోమ్స్ 1889 సంవత్సరం ఫిబ్రవరి 22 న ఇంగ్లండులో చెస్టర్‌ఫీల్డ్ దగ్గర స్టబ్బింగ్ కోర్ట్ అనే ఇంట్లో పుట్టింది. తండ్రి హెరాల్డ్ సోమ్స్ బీరు తయారీ వ్యాపారంలో బాగా గడించినవాడు. ముగ్గురు బిడ్డలలో ఈమె చివరిది. ఈసారి కొడుకు పుట్టాలని కోరుకుని ఓలాఫ్ అన్న పేరు సిద్ధం చేసుకుంటే బిడ్డ పుట్టిందనీ, ఆ పేరునే కొంచెం వంచి ఓలేవ్ అన్నారనీ చెబుతారు. (మన దగ్గర ఇట్లాంటప్పుడు పెట్టే పేర్ల కన్నా ఇది నయమే.) తండ్రికి ఒక ఇంట్లో నిలకడగా ఉండే అలవాటు లేదు. ఇరవై మూడేండ్లు నిండేలోపు ఆమె పదిహేడు ఇండ్లు మారింది. చదువంతా ఇంట్లోనే, తల్లి దగ్గరా దాదుల దగ్గరా, అది కూడా పన్నెండేండ్లకే ముగిసింది. ఆ తరువాత టెన్నిస్, ఈత, గుర్రపు స్వారీ, వయొలిన్, పెంపుడు జంతువులు. తినడానికి ఉన్నది, చెయ్యడానికి పని లేదు. మా ప్రాంతంలో దొరసాని అంటే గడీ గుర్తుకు వచ్చి జనం మొగం చిట్లించుకుంటారు. ఆ మాటకున్న అన్ని అర్థాలలోనూ ఆమె అప్పటికి దొరసానే.

1912 జనవరిలో తండ్రితో కలిసి ఆర్కేడియన్ అనే ఓడలో వెస్టిండీస్ యాత్రకు బయలుదేరింది. అదే ఓడలో స్కౌట్ ఉద్యమాన్ని స్థాపించిన రాబర్ట్ బేడెన్ పవెల్ ఉన్నాడు. ఆయనకు దగ్గర దగ్గర యాభై అయిదు, ఆమెకు ఇరవై మూడు. మాటల్లో పుట్టినరోజుల సంగతి వచ్చి చూస్తే ఇద్దరిదీ ఫిబ్రవరి 22 నే. వయసు తేడా మాత్రం సరిగ్గా ముప్పై రెండేండ్లు. ఆ ఏడే అక్టోబరు 30 న ఆర్భాటం లేకుండా పెండ్లి జరిగింది. స్కౌట్ పిల్లలు తలా ఒక పెన్నీ వేసి ఆ జంటకు మోటారు కారు కొనిపెట్టారు.

గైడింగ్ అప్పటికే పుట్టి ఉన్నది. దాని పుట్టుక కథ ఇంకా ముచ్చటైనది. 1909 సెప్టెంబరులో లండన్ క్రిస్టల్ పాలెస్ దగ్గర స్కౌట్ల ర్యాలీ జరిగితే, ఎవరూ పిలవకుండానే కొందరు ఆడపిల్లలు స్కౌట్ల వేషంలో వచ్చి నిలబడి తమకూ ఇది కావాలని అడిగారు. పొండని పంపడానికి బేడెన్ పవెల్‌కు మనసు రాలేదు, మగపిల్లల్లో కలపడానికి ఆ కాలపు సమాజం ఒప్పుకోదు. తన చెల్లెలు ఏగ్నెస్‌కు ఆ పని అప్పజెప్పాడు. 1910 లో గర్ల్ గైడ్స్ ఏర్పడింది. గైడ్ అన్న పేరు ఆయన ఎక్కడినుంచి తెచ్చాడనుకున్నారు? మన వాయవ్య సరిహద్దులో పనిచేసిన గైడ్స్ అనే సైనిక దళం నుంచి. అంటే ఆ మాట మొదట మన దేశం నుంచి ఇంగ్లండుకు పోయి, పెట్టె సర్దుకుని తిరిగి వచ్చిందన్న మాట. అంతకు ముందు ఆడ స్కౌట్లుగా తమను తాము చెప్పుకున్న పిల్లలు చాలామంది ఈ పేరు మార్పుకు అలిగారు కూడా.

1914 లో ఓలేవ్ తానూ పనిచేస్తానని గైడ్స్ సంఘానికి చెప్పింది. కమిటీలోని పెద్ద వయసు స్త్రీలు అక్కరలేదన్నారు. అనుభవం లేని పిల్ల, పైగా స్థాపకుని భార్య! కాదనడంలో వాళ్ళ తప్పు పెద్దగా ఉన్నదని నేను అనుకోను. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1915 లో ఫ్రాన్సులోని కలే పట్టణంలో సైనికుల విశ్రాంతి కేంద్రంలో టీలు అందించే పనికి ఆమె పోయింది. అప్పటికి మొదటి బిడ్డ పీటర్ రెండేండ్ల పసివాడు. మూడో బిడ్డ బెట్టీ పుట్టే 1917 నాటికి మాత్రం ఆమె స్థితి పూర్తిగా మారిపోయింది.

మార్పు ససెక్స్ జిల్లాలో మొదలైంది. అక్కడ గైడ్స్ పనికి మనిషి లేక ఆమెకు అవకాశం ఇచ్చారు. 1916 లో కౌంటీ కమిషనర్ అయింది. కమిషనర్ అన్న పెద్ద మాట విని మోసపోకూడదు. ఊరూరా తిరిగి, ఓపిక ఉన్న టీచర్లనూ గృహిణులనూ వెతికి పట్టుకుని, మీ ఊరి పిల్లలకు మీరు నేర్పండని బతిమాలే ఉద్యోగం అది. నేర్పాలంటే ముందు తనకు రావాలి గదా! పెట్రోల్ అంటే ఏమిటో, ముడులు ఎట్లా వేస్తారో, ప్రమాణం ఎట్లా చేయిస్తారో ఇరవై ఏడేండ్ల వయసులో, తనకంటే పదిహేనేండ్లు చిన్నవాళ్ళు ఆడుకుంటూ నేర్చుకునే వాటిని ఆమె కూర్చుని నేర్చుకున్నది. నా దృష్టిలో ఆమె జీవితంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే. తరువాత వచ్చిన పతకాలు దీని ముందు తక్కువ. నేర్చుకున్నదాన్ని నేర్చుకున్న క్రమంలోనే రాసిపెట్టినట్టు 1917 లో గైడ్ల శిక్షణ మీద ఆమె పుస్తకం వచ్చింది.

1916 అక్టోబరులో మాట్‌లాక్ లో సమావేశమైన కమిషనర్లు ఆమెను చీఫ్ కమిషనర్‌గా ఎన్నుకున్నారు. 1918 లో చీఫ్ గైడ్ అన్న బిరుదు వచ్చింది. బంగారంతో చేసిన సిల్వర్ ఫిష్ బహూకరించారు. రెండేండ్ల కింద వద్దన్న సంఘమే ఇదంతా చేసింది.

ఇక్కడ ఒక చేదు విషయం చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదు. ఆమె పైకి వస్తున్న ఆ కాలంలోనే ఏగ్నెస్ పక్కకు జరిగింది. ఖాళీ చేతులతో గైడ్స్‌ను నిలబెట్టిన ఆడబిడ్డ, 1917 లో అధ్యక్ష పదవి వదులుకుని ఉపాధ్యక్షురాలిగా మిగిలి, 1945 లో కన్నుమూసింది. వదినా ఆడబిడ్డల నడుమ ప్రేమ లేదన్నది జీవిత చరిత్రకారులు దాచని సంగతే. ఏగ్నెస్ పద్ధతులు పాతవి, నిజమే. కాని పునాది వేసిన మనిషికి దక్కవలసిన మర్యాద దక్కించే అధికారం ఓలేవ్ చేతిలో ఉండి కూడా ఆమె ఆ పని మనస్ఫూర్తిగా చేయలేదు. ఈ విషయంలో ఆమె పక్షాన వాదించడం కష్టం.

1919 లో అక్క ఆరియల్ చనిపోతే ఆమె ముగ్గురు కూతుండ్లను తెచ్చి తన ముగ్గురు పిల్లలతో పాటు పెంచింది. ఆ ఏడే హాంప్‌షైర్‌లో పాక్స్ హిల్ అనే ఇల్లు కొన్నారు. యుద్ధం ముగిసి శాంతి ఒప్పందం అయిన రోజుల్లో దొరికిన ఇల్లు కనుక లాటిన్‌లో శాంతి అనే మాటతో దానికి ఆ పేరు. అక్కడినుంచే ఇతర దేశాల గైడ్స్ తో ఉత్తరాలు నడిచాయి. 1928 లో ప్రపంచ సంఘం ఏర్పడింది, 1930 లో ఆమెను ప్రపంచ చీఫ్ గైడ్‌గా ఎన్నుకున్నారు. ఆ పదవి పొందినది ఆమె ఒక్కతే.

థింకింగ్ డే 1926 లో అమెరికాలో జరిగిన ప్రపంచ సమావేశంలో పుట్టింది. దంపతులిద్దరి పుట్టినరోజునూ, లోకంలోని గైడ్లంతా ఒకరినొకరు తలచుకునే రోజుగా నిర్ణయించారు. 1932 లో పోలండులో జరిగిన సమావేశంలో బెల్జియం ప్రతినిధి, పుట్టినరోజంటే కానుక ఉండాలి గదా అన్నది. అప్పుడు ఓలేవ్ ప్రపంచంలోని గైడ్లకు ఉత్తరం రాసి తలా ఒక పెన్నీ అడిగింది. ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తున్నది. పెన్నీలతో కారు కొనిపెట్టించుకున్న మనిషి, పెన్నీల విలువ మరచిపోలేదనవచ్చు.

మన దేశం సంగతికి వద్దాం. ఇక్కడ మొదటి గైడ్ కంపెనీ 1911 లో జబల్పూరులో మొదలైంది, అది యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లల కోసమే. మన ఆడపిల్లలకు ప్రవేశం 1916 లో దొరికింది. మగపిల్లల విషయంలోనూ ఇదే వరస. భారతీయులను స్కౌట్లుగా చేర్చుకోరన్నందుకు అదే 1916 లో మద్రాసులో అనీబిసెంట్ తలపాగాలతో, మన పాటలతో వేరే స్కౌట్ సంఘం పెట్టింది. 1921 లో వైస్రాయి పిలుపు మీద బేడెన్ పవెల్ దంపతులు వచ్చి తిరిగినప్పుడు ఆమె తన సంఘాన్ని వారితో కలిపింది. మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూల సేవాసమితి స్కౌట్లు మాత్రం కలవలేదు.

1937 ఫిబ్రవరిలో ఢిల్లీ జంబోరీకి దంపతులు మళ్ళీ వచ్చారు. ఆ యాత్ర తరువాతనే బేడెన్ పవెల్ భారతీయుల శీలాన్ని తక్కువ చేస్తూ, ఆనర్ అన్నదానికి ఇక్కడి భాషల్లో మాటే లేదన్న అర్థం వచ్చేలా వ్యాఖ్యానించాడు. దేశమంతా మండిపడింది. ఎందరో స్కౌట్లు ఆయన సంఘం వదిలి వచ్చారు, 1938 లో హిందుస్తాన్ స్కౌట్ అసోసియేషన్ ఏర్పడింది. ఆనర్‌కు మాట లేదట! జగిత్యాల అంగట్లో కూరగాయలమ్మే అవ్వను అడిగితే నిలబడ్డ కాడనే మానం, మర్యాద, పరువు, గౌరవం, ఇజ్జత్ అని అయిదు చెప్పి, ఏది ఎప్పుడు వాడాలో కూడా చెబుతుంది. ఎన్నో దేశాలు తిరిగిన మనిషికి, సైనికునిగా చాలా ఏండ్లు ఇక్కడే గడిపిన మనిషికి, అడగాలని తోచకపోవడమే వింత. ఇది భర్త మాట, భార్యది కాదు. కాని ఆయన పక్కన నడిచి, ఆయన ఉద్యమాన్ని మోసిన మనిషిని ఈ లెక్కనుంచి పూర్తిగా తప్పించలేము. సామ్రాజ్యం నీడలోనే ఆమె పెరిగింది, ఆ నీడలోనే పని మొదలుపెట్టింది.

1938 లో ఇద్దరూ కెన్యాలోని న్యేరికి పోయి పాక్స్‌టూ అనే చిన్న ఇంట్లో స్థిరపడ్డారు. 1941 జనవరి 8 న ఆయన చనిపోయాడు. ఆమెకు యాభై రెండేండ్లు కూడా నిండలేదు. మరుసటి ఏడు, జలాంతర్గాముల భయం నిండిన సముద్రం మీదుగా ఇంగ్లండు చేరి మళ్ళీ పనిలో పడింది. ఇదివరకు స్థాపకుని భార్యగా ఆమెను చూసినవాళ్ళు ఇప్పుడు ఒంటరి మనిషిగా చూశారు. హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో ఆమెకు నివాసం ఇచ్చారు గాని, అక్కడ కాలు నిలిచింది తక్కువ. జీవితకాలంలో 111 దేశాలు తిరిగింది. 1962 లో కొడుకు పీటర్ పోయాడు, ప్రయాణాలు ఆగలేదు.

ఆమె తిరిగిన దేశాలు ఒక్కొక్కటే స్వతంత్రమవుతూ వచ్చాయి. ప్రమాణంలో రాజు పేరు పోయి దేశం పేరు వచ్చింది. మన దగ్గర 1950 నవంబరు 7 న స్కౌట్ సంఘాలన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. 1951 ఆగస్టు 15 న గర్ల్ గైడ్స్ కూడా అందులో కలిసింది. ప్రమాణంలో దేవుడు అన్న చోట ఇష్టమున్నవారు ధర్మం అని పలకవచ్చునని ఒప్పుకున్నారు. చిన్నపిల్లల విభాగం పేరుకు పట్టిన గతి చూడండి. ఇంగ్లండులో 1914 లో రోజ్‌బడ్ అని పెడితే, గులాబి మొగ్గలమా మేము అని పిల్లలే వద్దనగా మరుసటి ఏడు బ్రౌనీ అయింది. బ్రౌనీ అంటే అక్కడి కథల్లో రాత్రిపూట ఇంటిపని చేసిపెట్టే చిన్న దయ్యం. మన దేశంలో ఆ దయ్యం ఎవరికి తెలుసు? కనుక బ్లూబర్డ్ అన్నారు, ఆ తరువాత బుల్‌బుల్ అన్నారు. వాళ్ళ జట్టు ఫ్లాక్, అంటే పక్షుల గుంపు. మెట్లు కూడా రెక్కలే, కోమల్ పంఖ్, రజత్ పంఖ్, స్వర్ణ పంఖ్, హీరక్ పంఖ్. బుల్‌బుల్ అంటే మన పిగిలిపిట్టే. చింతచెట్టు మీద రోజూ కనబడేదే.

ఒక్క మాట మాత్రం మా మూడు ఊర్లలో ఇబ్బంది పెట్టింది. పెట్రోల్‌ను తెలుగు చేస్తే దళం అనాలి. 1978 లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన తరువాత చాలా ఏండ్లు ఆ మాట బడి మైదానంలో గట్టిగా పలికే మాట కాదు. మల్లె దళం, మందార దళం అని ఆడపిల్లలు ఈల వేస్తే దారిన పోయేవాడు ఉలిక్కిపడతాడు. ఇంగ్లీషు పెట్రోల్ అక్కడ బతికిపోవడం మంచిదే అయింది.

తమ కానుక సొమ్ము ఎక్కడ చేరుతుందని అడిగే పిల్లలకు చూపించదగిన ఇల్లు ఒకటి మనకు దగ్గరలోనే ఉన్నది. స్విట్జర్లండు, ఇంగ్లండు, మెక్సికోల తరువాత ప్రపంచ గైడ్స్ నాలుగో కేంద్రం ఆసియాలో ఉండాలనుకున్నప్పుడు పుణెను ఎంచుకున్నారు. దానికి పెట్టిన పేరు సంగం. నదులు కలిసే చోటికి మనం వాడే మాట అది. 1966 అక్టోబరు 16 న దాన్ని తెరిచింది ఓలేవే, డెబ్బై ఏడేండ్ల వయసులో. మన భాషల్లో మాట లేదన్న వ్యాఖ్య వచ్చి అప్పటికి ముప్పై ఏండ్లు కాలేదు. ఇప్పుడు లోకంలోని గైడ్లంతా మన భాషలోని ఒక మాటను, వాళ్ళ వాళ్ళ యాసలలో తంటాలు పడుతూ, పలకడం నేర్చుకోవలసి వచ్చింది. ఇది ఆమె ఒక్కతే చేసిన పని కాదు, మన గైడ్స్ నాయకురాండ్ర పట్టుదలా ఉన్నది. అయినా ఆ ద్వారం దగ్గర నిలబడి ఆ పేరు పలికింది ఆమే.

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య, కోరుట్లలో తల్లి చాటలో బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని, తండ్రి దుబాయి నుంచి పంపే డబ్బుల కోసం ఎదురుచూస్తూ చదువుకునే పిల్లకు యూనిఫాం కొనడమే ఒక భారం. ఆ పిల్ల ఏం సంపాదిస్తుంది ఈ దొరసాని మాటలు నేర్చి, అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. కట్టు కట్టడం, తాడు ముడి వేయడం, నలుగురి ముందు నిలబడి జట్టు లెక్క చెప్పడం ఆ పిల్లకు వస్తాయి. పెద్ద పిల్లగా చిన్న పిల్లకు నేర్పే బాధ్యత, బొడ్డెమ్మ దగ్గర ఉన్నట్టే, ఇక్కడా వస్తుంది. తేడా ఏమిటంటే, పెండ్లి కాగానే బొడ్డెమ్మ ఆగిపోతుంది. గైడ్స్ పదో తరగతి తరువాత రేంజర్‌గా కాలేజీ దాకా వస్తుంది, మన కాలేజీల్లో ఆ జట్టులో ఎందరున్నారో మనమే లెక్క చూసుకోవాలి.

చివరి ఏండ్లలో ఓలేవ్‌కు చక్కెర వ్యాధి వచ్చి ప్రయాణాలు మాన్పించారు. 1973 లో స్వీయ చరిత్ర అచ్చయింది. సర్రే ప్రాంతంలోని బర్ట్‌లీ హౌస్‌లో 1977 జూన్ 25 న, ఎనభై ఎనిమిదో ఏట కన్నుమూసింది. అస్థికలను న్యేరికి తీసుకుపోయి భర్త సమాధిలోనే ఉంచారు.

ఆ సమాధి రాతి మీద ఒక గుర్తు చెక్కి ఉన్నది. గుండ్రటి గీత, దాని నడుమ ఒక చుక్క. గైడ్స్‌లో చేరిన పిల్లలకు తోవ గుర్తులు నేర్పేటప్పుడు బాణం గీతతో మొదలుపెట్టి, ఈ పోవద్దు, ఈ నీళ్ళున్నాయి అని ఒక్కొక్కటే గీసి చూపించి, చివర ఈ గుర్తు గీస్తారు. కోరుట్ల బడి మైదానంలో మట్టి మీద పుల్లతో గీసినా దాని అర్థం అదే, ఇంటికి పోయినాను అని.